కొలిచేవాడి కొలత

షెడ్డు వెనక గది
మార్చి 3

బావా,

నా అక్షరాలు చూసి నవ్వకు. నాలుగో క్లాసుతో బడి మానేసినవాడి అక్షరాలు ఇలాగే ఉంటాయి. నువ్వు ప్రెస్సులో ముప్ఫై ఏళ్ళు అచ్చుకి అక్షరాలు పేర్చినవాడివి. నీకు ఒత్తులూ దీర్ఘాలూ తప్పు కనిపిస్తే అక్కడే దిద్దుకుని చదువుకో. నాకు చెప్పొద్దు.

సంగతేంటంటే నా కుడికాలు తీసేశారు. మోకాలి కింద జానెడు వదిలి కోశారు. ఆరు వారాలైంది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటావు. మా అక్క పోయిన నెలకే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయినవాడివి. నాలుగేళ్ళలో మూడు ఉత్తరాలు రాశావు. మూడింట్లోనూ ఆత్మ ఎలా ఉందో రాశావు గానీ నేనెలా ఉన్నానని అడగలేదు. అందుకని చెప్పలేదు.

షెడ్డులో మేకు తొక్కాను. షుగరు వల్ల ఆ పాదానికి స్పర్శ పోయి చాలాకాలమైంది. పని ఒత్తిడిలో చెప్పులతోనే పడుకుంటూ మూడు రోజులు మేకు అరికాల్లో పెట్టుకునే తిరిగాను. చెప్పు విప్పితే రాలేదు, అప్పుడు తెలిసింది. నలభై రెండేళ్ళు అందరికీ కొయ్యకాళ్ళు చేసినవాణ్ణి, ఇప్పుడు నేనే గిరాకీని. నవ్వాలనుంటే దీనికి నవ్వు.

అసలు అడగాల్సింది వేరే ఉంది. కోసిన కాలు ఏం చేశారని ఆస్పత్రిలో అడిగాను. కాల్చేశామన్నారు. అంటే నేను కొంత ముందే వెళ్ళిపోయాను, మిగతా సరుకు వెనక వస్తుంది. సరే, బాగానే ఉంది. కానీ ఆ లేని కాలి బొటనవేలు దురద పెడుతోంది బావా. రోజూ పొద్దున పదింటికి మొదలు. గోక్కుందామని చెయ్యి చాపితే దుప్పటి తగులుతుంది. ఉన్నన్నాళ్ళూ మేకు దిగినా తెలియని పాదం, బూడిదయ్యాక దురదంటోంది. నా దగ్గరికొచ్చినవాళ్ళు ఎంతమందో ఇదే చెప్పేవాళ్ళు. అదంతా భ్రమ, నడవడం మొదలెడితే అదే పోతుంది అని కసిరేవాణ్ణి. వాళ్ళందర్నీ ఇప్పుడు క్షమించమని అడగాలి. సగం మంది లేరు.

ఈ ఒళ్ళు నేను కాదు, ఈ ఒళ్ళు నేను కాదు అని నువ్వు ఇరవై ఏళ్ళుగా చదువుతున్నావుగా. చెప్పు మరి. లేని కాలికి దురదేంటి? అది ఎవరికి?

ఈ ఉత్తరం పేపరతను పోస్టు డబ్బాలో వేస్తాడు. డబ్బా మా వీధి చివరే, కిటికీలోంచి కనిపిస్తుంది. నలభై అడుగులు. అంటే పాత అడుగులు.

నీ బామ్మర్ది


బైండింగు షాపు మేడ మీద గది
మార్చి 14

బామ్మర్దికి,

ఒత్తులు దిద్దలేదు. తప్పులతో ఉంటేనే నువ్వు పక్కన కూచుని గొణుగుతున్నట్టు ఉంది.

కాలి సంగతి కిటికీ దగ్గర నిలబడి రెండోసారి చదివాను. కింద షాపులో అట్టలు కోసే చప్పుడు వింటూ. జాలి మాటలు రాస్తే ఉత్తరం చింపేస్తావని తెలుసు కాబట్టి రాయను.

నీ ప్రశ్న మాత్రం గొప్పది. ఏళ్ళ తరబడి పుస్తకాలు ముందేసుకు కూచునేవాళ్ళకి తట్టనిది నీకు దుప్పటి కింద దొరికింది. చూడు, కాలు లేదు. 'నా కాలు' మాత్రం ఉంది. అంటే ఆ 'నా' అనేది కాల్లో ఎప్పుడూ లేదు, కాలు ఉన్నప్పుడు కూడా. దాన్ని మనసు తొడిగింది. ఆస్పత్రివాళ్ళు కాల్చింది కాలిని. తొడుగుని ఎవరు కాలుస్తారు? ఒక్క కాలి సంగతిలో నీకివాళ బయటపడింది గానీ మిగతా ఒంటి సంగతీ అంతే. దురద పుట్టింది, నువ్వు చూశావు. కనిపించేదేదీ నువ్వు కాదు. చూసేవాడికి దురదా లేదు, కాలూ లేదు, కాలు పోవడమూ లేదు. ఆ చూసేవాడు నీలో ఒకడు, నాలో ఒకడు కాదు. అంతటా ఒక్కడే.

ఆదివారాలు నా గదికి ఆరుగురు వస్తారు, పాఠం వినడానికి. వాళ్ళ ముందు నీ ప్రశ్న పెట్టాను. అందులో ఒకాయన మధ్యలో లేచి వెళ్ళిపోయాడు. ఆయనకి మోకాళ్ళ నొప్పులు.

నీ దగ్గర పని నేర్చుకుని వెళ్ళినవాడున్నాడుగా, మిషను మీద ప్లాస్టిక్ కాళ్ళు పోస్తాడని నువ్వు 'ప్లాస్టిక్కోడు' అని తిట్టేవాడివి. అతన్ని పిలిచి కొలతలిచ్చి కాలు చేయించుకో. పంతానికి పోకు.

బావ


షెడ్డు వెనక గది
ఏప్రిల్ 2

బావా,

చూసేవాడికి దురద లేదట. అయితే ఆ చూసేవాణ్ణి ఓ రోజు పొద్దున పదింటికి ఇటు పంపు. నీలోనూ నాలోనూ ఒక్కడే అన్నావుగా, నీ బొటనవేలు నువ్వు గోక్కో. నాకు తగ్గితే నీ కాళ్ళ మీద పడతాను. పడటానికి నాకిప్పుడు పెద్ద కష్టం కూడా లేదు.

నీ పాఠం చదువుతుంటే మా అక్క పోయిన రోజు గుర్తొచ్చి ఒళ్ళు మండింది. నువ్వు మంచం పక్క నుంచి లేచొచ్చి గోడకానుకుని నిలబడ్డావు. కళ్ళు పొడిగా ఉన్నాయి. నేను ఏడుస్తుంటే నా భుజం మీద చెయ్యేసి 'పోయింది ఆవిడ కాదు' అన్నావు. మరి పోయిందెవరు? నాకు చిన్నప్పుడు తల దువ్వినావిడ ఎవరు? ఆ రోజు నిన్ను కొట్టాల్సింది. నీ భుజం పట్టుకు నిలబడ్డాను కాబట్టి కొట్టలేదు.

ప్లాస్టిక్కోడు వచ్చాడు. నువ్వే రాసి ఉంటావు వాడికి. గుమ్మంలో నిలబడి 'గురువుగారూ, ఒక్కసారి కొలవనివ్వండి' అన్నాడు. 'ముందు నీ కాళ్ళు కొలుచుకోరా' అన్నాను. పళ్ళ సంచీ గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయాడు. పళ్ళు తిన్నాను. పళ్ళ మీద నాకేం కోపం.

నా కాలు నేనే చేసుకుంటున్నాను. తేలిక చెక్క, తోలు పట్టీలు, మొండి దూరడానికి గిన్నెలా తొలిచి లోపల మెత్త. అదంతా కళ్ళు మూసుకుని చేస్తాను. చిక్కల్లా పొడుగు దగ్గరే వచ్చింది. టేపు ఊరికే అందాజుకి. అసలు కొలత వేరు. మనిషిని నిలబెట్టి, ఎదురుగా పొట్టి స్టూలు మీద కూచుని, మన రెండు చేతుల బొటనవేళ్ళూ అతని రెండు తుంటి ఎముకల అంచు మీద పెడతాం. మన కళ్ళు ఆ బొటనవేళ్ళకి ఎదురుగా ఉండాలి. కొయ్యకాలి కింద పల్చటి అట్టలు ఒక్కొక్కటే దోపుకుంటూ పోతాం. రెండు వేళ్ళూ ఒక్క మట్టానికి వచ్చాయా, అదీ పొడుగు. అర అంగుళం తేడా వచ్చినా నడుం వంకరపోయి ఏడాదిలో మనిషి మంచం పడతాడు. నా చేతిలో అలా ఎవడూ పడలేదు.

ఇప్పుడు నేనే నిలబడాలి, నేనే కూచోవాలి. వంగి చూస్తే తుంటి దిగిపోతుంది. నిటారుగా నిలబడితే వేళ్ళు కనపడవు. బీరువా అద్దంలో చూసి చేశాను. చేసిన కాలు పొడుగైంది. తొడుక్కుంటే కొంగలా ఉన్నాను. దాన్ని తలుపుకి ఆనించాను, గాలికి కొట్టుకోకుండా. రెండోది మొదలెట్టాను.

నీ బామ్మర్ది


బైండింగు షాపు మేడ మీద గది
మే 9

బామ్మర్దికి,

ఆలస్యమైంది. ఏమీ అనుకోకు.

నీ ఉత్తరం విని చాలా సంతోషించాను. నాకు తెలిసిన సత్యాన్ని ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు. కొలిచేవాడు కొలతలోకి రాడు. వంగితే మారిపోతాడు, నిలబడితే కనపడడు. ఎవరితోనో చెప్పించుకుని తెలుసుకునేది కాదిది, నువ్వు చెక్క మీద చేసి చూశావు. లోకంలో దేన్నైనా కొలవచ్చు గానీ కొలిచేవాణ్ణి వాడే కొలుచుకోలేడు. వాడే ఆత్మ.

కానీ నడవాల్సింది ఆత్మ కాదు, నువ్వు. కాబట్టి ప్లాస్టిక్ అతన్ని పిలు.

నేను బాగానే ఉన్నాను. ఎండలు ఎక్కువగా ఉన్నాయి.

బావ


షెడ్డు వెనక గది
జూన్ 1

బావా,

ఈ ఉత్తరం నువ్వు రాయలేదు.

నాకు చదువు లేదు గానీ చెయ్యి తెలుస్తుంది. పుర్రచేతివాటంగాడివి నువ్వు. నీ గీతలన్నీ వెనక్కి వాలి ఉంటాయి, ఎదురుగాలికి నడిచే మనిషిలాగ. దీంట్లో అక్షరాలు గుండ్రంగా, బుద్ధిగా కూచున్నాయి. ఆడమనిషి రాత. పైగా 'నీ ఉత్తరం విని' అని ఉంది. నా ఉత్తరం నువ్వెందుకు వింటావు? కళ్ళు పోయాయా? చెయ్యి విరిగిందా? ఎండల సంగతి ఎవడడిగాడు నిన్ను?

రెండో కాలు పొట్టిదైంది. అది తెలియడానికి పడాల్సొచ్చింది. పోయిన మంగళవారం పొద్దున పట్టీలు బిగించుకుని నాలుగడుగులు వేశాను, అయిదోది నేల లేని చోట పడింది. పడ్డవాణ్ణి మధ్యాహ్నం దాకా అలాగే ఉన్నాను. చంకకర్రలు అవతల గోడ దగ్గర. అరవచ్చు. వీధిలో జనం ఉన్నారు. గొంతు దాకా వచ్చింది గానీ ఏమని అరవాలో తెలియలేదు. నలభై రెండేళ్ళు ఈ వీధిలో ఎవరికి ఏ కాలు కావాలన్నా నన్నే కేకేశారు. నేను ఎవర్నీ కేకెయ్యలేదు. అలవాటు లేదు.

నేల మీద పడుకుంటే షెడ్డు వేరేగా ఉంటుంది. బల్ల కింద ఎప్పటిదో చెక్కపొట్టు, ఉలి పిడి ఒకటి, పదేళ్ళ కింద పోయిందనుకున్నది. చూస్తూ పడుకున్నాను. అప్పుడు లెక్కేశాను, ఆస్పత్రిలో కట్టు మార్చిన నర్సు తర్వాత నన్ను ఎవరూ ముట్టుకోలేదు. నాలుగు నెలలు. పేపరతను కూడా పేపరు కిటికీలోంచి వేస్తాడు. నేను ఎన్ని వందల మొండికాళ్ళు ఈ రెండు చేతుల్లో పట్టుకున్నానో. వాళ్ళు ఎందుకు కళ్ళు మూసుకునేవాళ్ళో ఇప్పుడు తెలుస్తోంది. నొప్పికి అనుకునేవాణ్ణి.

నాకు రాసేవాడివి నువ్వొక్కడివే. ఆ ఒక్కడూ అబద్ధం రాయకు. నిజం రాయి. లేకపోతే రాయడం మానెయ్.

నీ బామ్మర్ది


బైండింగు షాపు మేడ మీద గది
జూన్ 20

బామ్మర్దికి,

ఇది కింది షాపు బైండరు గారి భార్య చేత రాయిస్తున్నాను. అందరూ బైండరమ్మ అంటారు. నేను చెప్పింది చెప్పినట్టు రాస్తానని మాటిచ్చింది, ఎంత సిగ్గుచేటు మాటైనా.

ఏప్రిల్ నెలాఖరున ఒక ఆదివారం పాఠం మధ్యలో పడిపోయాను. ఎడమ పక్కంతా పోయింది. కాలు కొంచెం వచ్చింది, పట్టుకుని నాలుగడుగులు వేస్తాను. చెయ్యి రాలేదు. నా రాతచెయ్యి. రెండు వాక్యాలు వరసగా చదివితే కళ్ళు తిరుగుతాయి, అందుకని ఆవిడే చదివి వినిపిస్తుంది.

అసలు సంగతి ఇది కాదు. ఆస్పత్రి నుంచి వచ్చిన మూడో రోజు పొద్దున లేచాను. పక్క మీద నా పక్కన ఎవరిదో చెయ్యి పడుంది. నిజం చెబుతున్నాను, ఎవరిదో. గోళ్ళు పెరిగి ఉన్నాయి. ఎవరండీ అని అరిచాను. బైండరమ్మ పరుగెత్తుకొచ్చి 'మీదే సారూ' అంది. కాదన్నాను. ఆవిడ దాన్ని వేళ్ళ నుంచి భుజం దాకా తడుముకుంటూ వచ్చి నా ఒంటికే తగిలించి ఉందని చూపించింది. అప్పుడూ నమ్మలేదు, ఒప్పుకున్నానంతే.

ఇరవై ఏళ్ళు 'ఇది నేను కాదు, ఇది నాది కాదు' అని నోటితో చెప్పాను. ఇప్పుడు ఆ చెయ్యే, నేను నీదాన్ని కాదు అంది. నాకు విడుదల రావాలి కదా? భయమేసింది. చిన్నపిల్లాడిలా ఏడ్చాను. వచ్చే ఆరుగురినీ రావద్దని చెప్పించాను. వాళ్ళకేం చెప్పను? చూసేవాడు చూస్తున్నాడు. చూస్తూ భయపడుతున్నాడు. పుస్తకంలో ఈ పేజీ లేదు.

మీ అక్క పోయిన రోజు నా కళ్ళు పొడిగా ఉన్నాయన్నావు. ఆ రోజు తెల్లారినప్పటి నుంచి ఆమె చెయ్యి పట్టుకునే ఉన్నాను. అది కొంచెం కొంచెంగా చల్లబడింది. వేళ్ళు ముందు, తర్వాత అరచెయ్యి. పూర్తిగా చల్లబడ్డాక వదిలేసి లేచి గోడ దగ్గరికి వచ్చాను. 'పోయింది ఆవిడ కాదు' అని నీకు చెప్పలేదు, నాకు చెప్పుకున్నాను. అది అబద్ధమైతే నేను ఆ గదిలో నిలబడలేకపోయేవాణ్ణి.

ఈ చేతిని నేను ముట్టుకోను. రెండు నెలలైంది. బైండరమ్మ కడుగుతుంది, గోళ్ళు తీస్తుంది. నేను తల తిప్పుకుంటాను. కుడిచేత్తో పట్టుకుంటే ఆమె చెయ్యిలా చల్లగా ఉంటుందేమోనని. అందుకే దాని మీద తువ్వాలు కప్పి ఉంచుతాను.

నువ్వు రావద్దు. ఒంటికాలితో వచ్చి నా ఈ వాలకం చూడొద్దు. రాస్తూ ఉండు చాలు.

బావ


షెడ్డు వెనక గది
జూలై 4

బావా,

రావద్దని రాస్తే ఎవడూ రాకుండా ఉండడు. ఆ మాత్రం నీకు తెలియదా.

ఉత్తరం మూడుసార్లు చదువుకున్నాను. నిన్ను కొట్టాలనుకున్నది వాపసు తీసుకుంటున్నాను. నాలుగేళ్ళు దాచుకున్న కోపం, పోతే ఏదో వెలితిగా ఉంది.

వేదాంతం నాకు రాదు. పని వచ్చు. పని సంగతి చెబుతాను, విను.

నా దగ్గరికి కాలు పోయినవాళ్ళు వచ్చేవాళ్ళు, చేసిన కొయ్యకాలు మొదటిసారి తొడిగితే 'ఇది నాది కాదు' అనేవాళ్ళు. అందరూ అనేవాళ్ళు. నేను వాదన పెట్టుకునేవాణ్ణి కాదు. 'నీది కాదులే, అరువు తెచ్చాం, ఆ తలుపు దాకా నడిచిరా' అనేవాణ్ణి. తలుపు దాకా వెళ్ళి వచ్చేసరికి సగం వాళ్ళదయ్యేది. నెల తిరిగేసరికి, పొద్దున లేచి నా కాలేదీ అని వెతుక్కునేవాళ్ళు. నాది అనేది పని చేస్తే వస్తుంది బావా. ముందే ఉండదు.

నాకు లేని కాలు ఉన్నానంటోంది. నీకు ఉన్న చెయ్యి లేనంటోంది. మనిద్దర్నీ చూస్తే ఈసారి మీ ఆరుగురూ లేచి వెళ్ళిపోతారు.

మూడో కాలు చేశాను. కావాలనే కొంచెం పొట్టిగా చేశాను, కింద అట్టలు పెట్టి చూసుకోవడానికి. మీ కింద షాపులో అట్టలకేం కరువు. నాకు కావాల్సింది ఎదురుగా ఓ మనిషి, రెండు బొటనవేళ్ళు. ప్లాస్టిక్కోడికి ఇవ్వను నా తుంటి. నీకిస్తాను. నీకు ఒకటే చెయ్యి ఉందంటావు. ఆ రెండోది నీది కాదన్నావుగా, అయితే నాకివ్వు. మణికట్టు పట్టుకుని నేనే ఎత్తి నా తుంటి మీద పెట్టుకుంటాను. అది ఎవరి చెయ్యో తర్వాత తేల్చుకుందాం. బొటనవేలు ఉందా లేదా, అదీ నాకు కావాల్సింది. ఎదురెదురుగా ఉంటే నీ ఎడమ చెయ్యి నా కుడి పక్కకే వస్తుంది, కాలు లేని పక్కకి.

నువ్వు చూడు చాలు. నిన్ను చూసేవాడు, చూసేవాడు అని చంపావుగా. ఆ పని నీకే.

చంకకర్రలతో బస్సెక్కుతాను. ఎక్కించమని ఎవర్నో అడుగుతాను. అడగడం ఇవాళ గదిలో ఒక్కణ్ణే పైకి అని చూసుకున్నాను. వచ్చింది.

నీ బామ్మర్ది


మేడ గది
జూలై 17

బామ్మర్ది,

కుడి చేత్తో రాస్తున్నా. ఈ నాలుగు ముక్కలకి పూటంతా పట్టింది. నువ్వే నయం.

రా. మెట్లు పద్దెనిమిది. స్టూలు ఉంది. బైండరమ్మ అట్టలు దోపుతానంది. పడితే ఇద్దరం పడతాం, ఆవిడ మీద.

చెయ్యి ఇస్తా. తువ్వాలు మాత్రం నువ్వే తియ్యి.

బావ


షెడ్డు వెనక గది
సెప్టెంబరు 6

బావా,

ఇల్లు చేరాను. కాలికి అడుగున మూడు అట్టల మందం చెక్క కలిపి నున్నగా తోమాను. నాలుగో అట్ట పెట్టబోతే 'ఆపు, చాలు' అన్నావు చూడు, అదే సరి. దారపు మందం తేడా లేదు. ముప్ఫై ఏళ్ళు అక్షరాల వరస చూసిన కన్ను, ఊరికే పోలేదు. ప్లాస్టిక్కోడు వచ్చి చూశాడు. నడవమన్నాడు, నడిచాను. వెనక నుంచి చాలాసేపు చూసి 'ఎవరు కొలిచారు గురువుగారూ' అన్నాడు. మా బావ అన్నాను. ఎవరి చేత్తో అని అడగలేదు కాబట్టి చెప్పలేదు.

దురద ఇంకా ఉంది. పదింటికి వస్తుంది. రానీ. కొయ్యవేలు గోకుతున్నాను. నవ్వకు, కొంచెం తగ్గుతోంది. దీనికేదో పాఠం చెప్పి వచ్చే ఆదివారానికి వాడుకో. ఆ ఆరుగురూ మళ్ళీ వస్తున్నారని బైండరమ్మ రాసింది. భయమేసిందని వాళ్ళకి ముందే చెప్పు. ఆ మోకాళ్ళ నొప్పులాయన అప్పుడు కూచుంటాడు.

ఈ ఉత్తరం పేపరతనికి ఇవ్వడం లేదు. డబ్బా దాకా నేనే వెళ్తాను. కొత్త అడుగులు ఎన్నవుతాయో చూడాలి.

ఒకటి అక్కడే చెప్పాల్సింది, చెప్పకుండానే బస్సెక్కేశాను. నేను తువ్వాలు తీసినప్పుడు నువ్వు కళ్ళు మూసుకున్నావు. మణికట్టు పట్టుకుని ఎత్తాను. బరువుగా ఉంది. బొటనవేలు ఎముక మీద ఆనించి పైన నా చెయ్యి వేసి నొక్కి పట్టుకున్నాను, నువ్వు కళ్ళు తెరిచి ఆపమనేదాకా. అంతసేపు ఒక మనిషి చెయ్యి నా ఒంటి మీద ఉండి ఎన్నాళ్ళయిందో. ఇంటికొచ్చాక కూడా అక్కడే ఉన్నట్టుంది, నా లేని కాలి బొటనవేలు లాగే.

నువ్వు దాన్ని ఇంకా ముట్టుకుని ఉండవు. అందుకని రాస్తున్నాను. చొక్కా మీంచి కూడా తెలిసింది బావా. నీ చెయ్యి వెచ్చగా ఉంది.

నీ బామ్మర్ది